దొరువు అడుగున ఉప్పు

ఈ ప్రయాణంలో నేను చివరగా ఆగిన ఊరి పేరు రాయడం లేదు. చదివినవాళ్ళలో ఎవరైనా ఎగేసుకుని అక్కడికి పోయి, నేను చేసిన పనే చేస్తారేమోనని భయం. నాకు భయాలెక్కువ. ఒక మందుల కంపెనీ నాణ్యత విభాగంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి లోపం వెతకడం, దొరికితే ఆ సరుకు మొత్తం వద్దని సంతకం పెట్టడం, అదే ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. ఏ చీర బాగుందని అడిగినా రెంటిలోనూ లోపాలు చెబుతానని నా భార్య పద్మ నన్ను షాపులకు తీసుకెళ్ళడం మానేసింది.

ఈ ఏడాది మొదట్లో కంపెనీ మా విభాగాన్ని మూసేసి, చేతిలో కొంత డబ్బు పెట్టి పంపించింది. నాకు యాభై, పద్మకు నలభై ఆరు. పిల్లలు లేరు. ఆ డబ్బుతో హైదరాబాదు వదిలేసి ఎక్కడైనా రెండు మూడెకరాల మెట్ట కొనుక్కుని, తినేది పండించుకుంటూ, ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుదామని పద్మ అంది. అద్దె ఇంటి మేడ మీద పెయింటు డబ్బాల్లో ఆరేళ్ళుగా వంకాయలు కాయిస్తున్న మనిషి ఆమె. కాలువ కింద నేల మా డబ్బుకు రాదు. నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఇసుక నేలలు చవకని ఎవరో చెప్పారు. పద్మ పనిచేసే స్కూల్లో మే నెలంతా అడ్మిషన్ల హడావుడి కాబట్టి ఆమెకు సెలవు దొరకలేదు.

"నువ్వెళ్ళి చూసిరా. నువ్వు బాగుందంటే కొందాం. బాగాలేదంటే ఇక ఈ మాట ఎత్తను," అంది.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు మనశ్శాంతి లేదు. నాకు అసలు వెళ్ళడమే ఇష్టం లేదు. రాత్రికి రాత్రి కడుపునొప్పి వస్తే ఆస్పత్రి ఎంత దూరం? అరవై దాటాక నీళ్ళెవరు తోడతారు? ఇలాంటి ప్రశ్నలు నా దగ్గర నోటుబుక్కు నిండా ఉన్నాయి. పైగా వద్దనే అధికారం నా చేతికే ఇచ్చి పంపించింది. వద్దనడానికి నాకొక్క లోపం చాలు. ఆ లోపం దొరకాలని దేవుడికి కూడా మొక్కుకున్నాను. సిగ్గుపడాల్సిన మాటే కానీ నిజం.

బ్యాగులో నీళ్ళలో ఉప్పు కొలిచే చిన్న మీటరు, డజను సీసాలు, అంటించడానికి లేబుళ్ళు, జ్వరం మాత్రలు, పాము కరిస్తే ఏం చేయాలో ప్రింటు తీసిన రెండు పేజీలు పెట్టుకున్నాను. మే నెలను కావాలనే ఎంచుకున్నాను. ఎండల్లో నిలబడిన నీళ్ళే నీళ్ళు.

కొడవలూరు

నెల్లూరులో పొద్దున్నే బండి దిగి కారం దోసె తిన్నాను. యాభై రూపాయలు. ఎర్రకారం, దాని మీద పప్పుల పొడి, దాని మీద నెయ్యి. హైదరాబాదులో కారం దోసె అని అమ్మేదానికీ దీనికీ పేరే కలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే హోటలతను అడక్కుండానే మజ్జిగ గ్లాసు తెచ్చిపెట్టాడు. "కొత్తోళ్ళకు ఇట్టాగే అవతాది సార్," అన్నాడు. నేను ఆ మజ్జిగ ఏ నీళ్ళతో చేశారో అడిగాను. అతను నన్ను ఒకసారి ఎగాదిగా చూసి పోయాడు.

మొదట కొడవలూరు వెళ్ళాను. కొనడానికి కాదు, మంచి నేల ఎలా ఉంటుందో చూసి ఉంటే చెడ్డది పోల్చుకోవచ్చని. రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే ఎండాకాలంలో కూడా పచ్చగా ఉంది. ఎడగారు నాట్లు పడుతున్నాయి. ఇక్కడ రెండో కారు వరిని ఎడగారు అంటారు. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన్ని ఈ వైపు ఎవరైనా అమ్ముతారా అని అడిగాను.

"నీళ్ళుండే కాడ ఎవురమ్మతారు సార్?" అన్నాడు. "అమ్మతామని వచ్చినారంటే నీళ్ళు లేవని అర్థం."

నేను ఎక్కడెక్కడ చూడబోతున్నానో చెప్పాను. ఆయన చుట్ట తీసి పక్కన పెట్టి మరీ నవ్వాడు. సముద్రం వైపు చేను కొనుక్కునే బదులు ఆ డబ్బుతో బియ్యం కొనుక్కుంటే ఇద్దరికీ చచ్చేదాకా వస్తాయన్నాడు. అది సరైన లెక్కేనేమోనని బస్సెక్కేదాకా ఆలోచించాను. నోటుబుక్కులో మొదటి పేజీలో ఆయన మాట రాసుకున్నాను. నాకు అనుకూలమైన సాక్ష్యం అది.

కృష్ణపట్నం దారిలో

మర్నాడు కృష్ణపట్నం వైపు బస్సెక్కాను. బస్సు నిండా డ్యూటీకి పోయేవాళ్ళు. తలలు కిటికీలకు ఆనించి నిద్రపోతున్నారు, హెల్మెట్లు ఒళ్ళో ఉన్నాయి. మధ్యలో దిగితే బ్రోకరు మోటారు సైకిల్ మీద ఎదురొచ్చాడు. ఫోన్లో వారం రోజులుగా "మీరు రండి సార్, నీళ్ళు చూసి మీరే వదలరు" అంటున్న మనిషి.

రెండున్నర ఎకరాలు. చుట్టూ కొత్త కంచె, మధ్యలో బోరు. స్విచ్చి వేస్తే నీళ్ళు చేయి లావున పడ్డాయి. కానీ కంచెకు మూడు వైపులా రొయ్యల గుంటలు. వాటిలో గాలి చక్రాలు తిరిగే చప్పుడుకు మాట వినపడటం లేదు. బోరు నీళ్ళు సీసాలో పట్టి మీటరు ముంచాను. అంకె ఆగకుండా పెరిగి నాలుగు వేల దగ్గర నిలబడింది. మా ఇంట్లో మూడు వందలు దాటితేనే నేను గొడవ చేస్తాను.

"ఎండకు మీటరు అట్టా చూపిస్తాది సార్," అన్నాడు బ్రోకరు.

"మీరు తాగి చూపించండి," అన్నాను.

అతను తాగలేదు. సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి అందులోవి తాగాడు. ఆ ఊరివాళ్ళంతా ఇరవై రూపాయల క్యాను కొనుక్కునే తాగుతారని కంచె అవతల మేకలు కాస్తున్నావిడ కేకేసి చెప్పింది. బ్రోకరుకు కోపమొచ్చింది. ఆమె మీదికి పోలేక నా మీదికొచ్చాడు. టైము పాడుచేశానని గొణుక్కుంటూ, నన్ను ఎక్కించుకున్న చోటికి కాకుండా ఏదో మూడు రోడ్ల కూడలిలో దింపేసి వెళ్ళిపోయాడు. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. ఎండ మాడ్చేస్తోంది.

నాకు మాత్రం లోపల పండగలా ఉంది. లోపం దొరికింది. చిన్నదీ చితకదీ కాదు, ఎవరూ కాదనలేని లోపం, అంకెతో సహా. ఇవాళే బండెక్కితే రేపు పొద్దున్నకు ఇంట్లో ఉంటాను. ఈల వేసుకుంటూ కూడలిలో ఉన్న టీ కొట్టు వైపు నడిచాను. నేను ఈల వేస్తున్నానని తెలిశాక నాకే భయమేసింది. ఆరేళ్ళుగా ఒక మనిషి కోరుకుంటున్నది కాకుండా పోతుంటే ఇంత సంతోషించేవాడు ఎలాంటివాడు?

మస్తాన్ బిందెలు

టీ కొట్టు పక్కన తాటాకు పందిరి కింద ఒకాయన కూర్చుని రేకు బిందెలకు మాట్లు వేస్తున్నాడు. యాభై అయిదేళ్ళుంటాయి. పక్కన పాత మోపెడ్, దాని వెనక బిందెలు గుత్తిగా కట్టి ఉన్నాయి. పేరు మస్తాన్, గూడూరులో ఉంటాడు, తాత నాటి నుంచీ ఇదే పని. అవి నీళ్ళు మోసే మామూలు బిందెలు కావు. మూతికి ఒక పక్క జల్లెడలా చిల్లులున్నాయి. చేతికొకటి పట్టుకుని వంచుతూ నడిస్తే మొక్కల మీద వానలా పడతాయట. ఇసుక నేలల్లో కూరగాయలు పండించేవాళ్ళు వాడతారు.

నేను భూమి కోసం వచ్చానని చెప్పి, బ్రోకరు చూపించిన చోటు, మీటరులో వచ్చిన అంకె చెప్పాను. ఆయన పని ఆపకుండానే ఒక బిందె నా ముందుకు తోశాడు.

"దీని అడుగు చూడన్నా."

అడుగు చెదలు తిన్నట్టు పొడిపొడిగా రాలుతోంది.

"ఇది ఆ ఊరి బిందే. పోయినేడు నేనే చేసిచ్చినా. ఏడాది కూడా ఉండదు. ఉప్పు తినేస్తాది." ఇంకో బిందె తీశాడు. దాని చెవి దగ్గర మాత్రం చిన్న పగులు. అడుగు మసిబారి ఉంది కానీ గట్టిగా ఉంది. "ఇది చిట్టమూరు వైపుది. తొమ్మిదేళ్ళయింది. చెవికి మాటెయ్యమని ఇచ్చింది చెంగమ్మక్క. యాడ నీళ్ళు ఎట్టుండాయో నేను మీటర్ని అడగాలా?"

ఇరవై రెండేళ్ళు ప్రయోగశాలలో పనిచేసినవాణ్ణి. ఆ రెండు అడుగులూ మార్చి మార్చి చూశాను. అంత తిరుగులేని పరీక్ష నేనెప్పుడూ చేయలేదు.

ఆ చెంగమ్మ చేను పక్కన ఎకరన్నర అమ్మకానికి ఉందని కూడా ఆయనే చెప్పాడు. అది ఆమె మరిదిది. అతను తడ దగ్గర ఫ్యాక్టరీలో చేరిపోయాడు. "నేను బిందె ఇచ్చేదానికి అటే పోతుండా. వస్తే రా. రాకుంటే గూడూరు బస్సు ఇంకో గంటలో వస్తాది," అన్నాడు.

బస్సెక్కి ఉండాల్సింది. నా ఈల గుర్తొచ్చి మోపెడ్ ఎక్కాను. దారిలో సరుగుడు తోట దగ్గర ఆయన నమాజుకు ఆగితే, బండిని, బిందెల గుత్తిని పట్టుకుని నిలబడ్డాను. అవతల తాటి ముంజలు అమ్ముతుంటే డజను అరవైకి కొని ఇద్దరం తిన్నాం. లేత ముంజ. నీళ్ళు చొక్కా మీద కారాయి. పద్మ ఉంటే బాగుండేదనిపించింది. వెంటనే, లేకపోవడమే నయం అనిపించింది. ఆమె ఈ దారి చూస్తే ఇక నా మాట వినదు.

పేరు రాయని ఊరు

ఊరంటే నలభై ఇళ్ళు. చుట్టూ ఇసుక. సరుగుడు, జీడిమామిడి, తాటిచెట్లు, వాటి మధ్య మధ్య అరెకరం, ఎకరం పచ్చటి మళ్ళు. కాలువ లేదు, చెరువు లేదు, కరెంటు తీగలు ఇళ్ళ దాకే వచ్చి ఆగిపోయాయి. మెట్ట అంటే ఇంతకంటే మెట్ట ఉండదు. అయినా మే నెల మధ్యాహ్నం వంగ మొక్కలు తలెత్తుకుని నిలబడ్డాయి.

మస్తాన్ బిందె ఇవ్వడానికి ఇంటి వైపు పోతూ దొరువు చూస్తూ ఉండమన్నాడు. దొరువంటే ఇసుకలో మనిషి లోతున తవ్విన గుంట. దిగడానికి ఏటవాలు దారి, అంచులు కూలకుండా తాటి దుంగలు. కింద మోకాలెత్తు నీళ్ళు, ఇసుక రేణువులు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. నేను సీసాలు తీశాను. నీళ్ళను పైన, మధ్యలో, అడుగున, మూడు చోట్లా పట్టాలి. మాకు నేర్పిన పద్ధతి అది. పైది పట్టి మీటరు పెట్టాను. రెండు వందల నలభై. మా ఇంటి నీళ్ళ కంటే నయం! ఇలా కాకూడదు. సీసాను కర్రకు కట్టి అడుగుదాకా దింపి, ఇసుకలోకి గట్టిగా పొడిచి, గిరగిరా తిప్పి పైకి లాగాను. మీటరు రెండు వేల ఎనిమిది వందలు చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. 'దొరువు, అడుగు' అని లేబుల్ రాసి అంటించాను.

"ఎవురయ్యా అది! అడుగు కెలుకుతుండావే!"

గట్టు మీద ఒకావిడ నిలబడి ఉంది. అరవై ఏళ్ళుంటాయి, చీర మోకాళ్ళ పైకి దోపి ఉంది. ఆమే చెంగమ్మ. తేటగా ఉన్న నీళ్ళు అప్పటికే బురద రంగుకు తిరిగాయి. ఆమె దిగి వచ్చి, దోసిట్లో కొంచెం తీసుకుని నాలుకకు తాకించుకుని ఉమ్మేసింది.

"పైన తేలేది వాన నీళ్ళు అబ్బయా. దాని కింద ఉండేది సముద్రం. పైపైన తీసుకుంటే ఊరతా ఉంటాది. కెలికితే కిందది పైకొస్తాది. ఈ నీళ్ళు పోస్తే నా వంగనారు మాడిపోతాది. ఇంక ఈ పూట తడి లేదు."

మస్తాన్ వచ్చి, "టౌను మనిషక్కా, తెలీదు," అని సర్దిచెప్పబోయాడు. ఆమె వినలేదు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. క్షమించమని అడిగితే, "నన్నెందుకు అడిగేది? దాన్ని అడుగు," అని వంగ మడి చూపించింది. ఆ సాయంత్రం ఎండ దిగాక మిగతా మళ్ళలో అందరూ నీళ్ళు చల్లుతున్నారు. చెంగమ్మ మడి ఒక్కటే పొడిగా ఉంది. ఆకులు వాలిపోవడం నా కళ్ళతో చూశాను. పనిచేసిన రోజుల్లో ఎన్ని వేల సీసాలు వద్దని ఉంటానో, ఒక్కసారి కూడా నా వల్ల ఏదైనా వాడిపోవడం ఎదురుగా నిలబడి చూడలేదు.

మస్తాన్ నా ఫోను నంబరు రాసుకుని వెళ్ళిపోయాడు. బస్సు మర్నాడే. చెంగమ్మ భర్త పోలయ్య పంచలో మంచం వేసి నన్ను కూర్చోమన్నాడు. మోకాళ్ళు పోయి మూడేళ్ళుగా ఆయన బిందె ఎత్తలేదు. తిట్టిన చెంగమ్మే రాగిసంగటి, ఎండుచేపలూ వంకాయా వేసిన పులుసు పెట్టింది. మా వైపు ఎండుచేప వండితే పక్కింటివాళ్ళు కిటికీలు మూస్తారు. ఇక్కడ పక్కింటావిడ వాసన చూసి గిన్నె పట్టుకుని వచ్చింది. మూడు ముద్దలు తిన్నాను. ఏం కొంటారని అడిగితే ఉప్పు, నూనె, అగ్గిపెట్టె, సబ్బు, మోకాళ్ళ మాత్రలని పోలయ్య చెప్పాడు. బియ్యం రేషన్లో వస్తాయి.

ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలని నా భార్య కోరిక అని చెప్పాను. చెంగమ్మకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అప్పుడు నవ్వింది.

"ఎవుర్నీ అడక్కుండా బతికేదానికి మేం రాళ్ళమా అబ్బయా? ఈ దొరువు మాకూ మా మరిదికీ కలిపి మా మామ తవ్వినాడు. నేను ముంచినాక ఆళ్ళు, ఆళ్ళు ముంచినాక నేను. ఎండపొద్దున ఎవురూ ముట్టకూడదు, ఊరనియ్యాల. ఆ చేన్లోకి ఎవురొస్తే ఆళ్ళ చేతుల్లో ఉంటాది నా బతుకు. మోటారు పెట్టేవోడు వస్తే ఒక ఏడాది. అంతే."

అప్పుడు తెలిసింది, ఈ చేను గురించి నాకంటే ఎక్కువ భయపడుతున్న మనిషి ఇంకొకరున్నారని. ఫోన్లో పద్మ ఫోటో ఉంటే చూపించమంది చెంగమ్మ. చాలాసేపు చూసింది.

చూసి అన్న మాటేమిటంటే, దొరువులో పాలు పంచుకునేవాళ్ళు ఎవరైనా సరే, ముందు ఒక పూట పాతవాళ్ళతో కలిసి నీళ్ళు పోయాలట. పెళ్ళయి వచ్చిన మర్నాడే ఆమెతో అత్త అలాగే పోయించింది. "రేపు తెల్లారి దిగతావా?" అంది. వాడిపోయిన వంగ మడి గుర్తొచ్చి దిగుతానన్నాను.

ఒక తడి

తెల్లవారేసరికి నీళ్ళు మళ్ళీ తేరుకున్నాయి. చెంగమ్మ ముందు నాలుకతో చూసి సరేనంది. చేతికొక బిందె. దిగి, మూతులు మాత్రం ఆనించి ముంచి, ఎక్కి, మళ్ళ మధ్య నడుస్తూ వంచడం. మొదటి నాలుగైదు సార్లు బాగానే ఉంది. నా బిందెల్లోంచి పడ్డ నీళ్ళకు నిన్న వాలిన ఆకు కదలడం చూసి సంతోషమేసింది. అంతకు ముందు రోజుల్లో ఏ రోజూ లేని సంతోషం. ఇక్కడ బతకొచ్చు. పద్మ ఇక్కడ హాయిగా బతుకుతుంది. ఆ సంగతి నాకు ఖాయంగా తెలిసిపోయింది. తెలిసిన వెంటనే భయం కూడా వేసింది.

పదో సారికి భుజాలు పట్టేశాయి. ఇరవయ్యో సారికి ఇసుక మీద కూలబడ్డాను. నాకంటే పదేళ్ళు పెద్దదైన మనిషి దిగుతూ ఎక్కుతూనే ఉంది.

"ఇంకా ఎన్నిసార్లమ్మా?" అన్నాను.

"మడి తడిసేదాకా."

"రోజూ ఇలా అంటే కష్టం కదా. చిన్న మోటారు, మరీ చిన్నది, ఎండతో నడిచేది ఒకటి..."

నోరు జారాక తెలిసింది. ఆమె బిందెలు కింద పెట్టింది. కేకలేయలేదు. రమ్మని సైగ చేసి, జీడిమామిడి చెట్ల వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడొక దొరువు ఉంది. అంచుల నిండా తెల్లటి ఉప్పు పొర పేరుకుంది. చుట్టూ గడ్డి కూడా లేదు. మధ్యలో పైపు ముక్క ఒకటి నిలబడి ఉంది.

"ఈ చేనాయన కూడా చిన్నదే అన్నాడు," అంది.

తిరిగొచ్చాక మిగతా మడి ఆమే తడిపింది. బస్సు దగ్గరకు సాగనంపుతూ చెప్పింది. "నువ్వు మంచోడివే అబ్బయా. కానీ నీకు తొందర, భయం. ఇట్టాంటి నేల మీద భయపడేవోడే ముందు మోటారు పెడతాడు. నీ ఇంటామెను పంపించు, ఆమె చూసుకోవాల. నీళ్ళు పైన తియ్యంగా ఉండాయని చెప్పు, మొయ్యాలని కూడా చెప్పు. ఒక నెల మా మరిదిని ఆపతా."

చెబుతానన్నాను. మాట ఇచ్చాను.

ఇంట్లో

పద్మ తలుపు తీసి, బ్యాగు కూడా దింపనివ్వకుండా, "నీళ్ళెట్లా ఉన్నాయి?" అంది.

నేను రెండు సీసాలు బల్ల మీద పెట్టాను. కృష్ణపట్నం దారిలో పట్టింది ఒకటి. 'దొరువు, అడుగు' ఒకటి. మీటరు ఆమె చేతికే ఇచ్చాను. పైన పట్టిన సీసా బ్యాగులోనే ఉండిపోయింది. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అంకెలు చూపించానంతే.

ఆమె రెండుసార్లు చూసుకుని మీటరు తుడిచి పెట్టింది. "సరేలే. ఎండలో తిరిగొచ్చావు, స్నానం చెయ్యి," అంది. మర్నాడు మేడ మీద ఖాళీ డబ్బాల్లో మళ్ళీ విత్తనాలు వేసింది. ఆ రోజు చెబుదామనుకున్నాను. తర్వాత రోజూ అనుకున్నాను. అయిదు వారాలు అనుకున్నాను. నెల గడువు ఎప్పుడు దాటిందో నాకు బాగా తెలుసు. ఆ రోజు అన్నం సయించలేదు, గ్యాస్ అన్నాను.

పోయిన ఆదివారం నేను గడ్డం గీసుకుంటుంటే ఫోను మోగింది. చేతులకు సబ్బు ఉంటే పద్మ ఎత్తి స్పీకరు పెట్టింది.

"అన్నా, నేను మస్తాన్‌ని, గూడూరు. ఆ చేను పోయిందన్నా. మొన్న సంతకాలైపోయినాయి. బోరు బండి వచ్చి నిలబడుండాది, ఇంక అక్క దొరువు కూడా ఏడాదే. చెంగమ్మక్క నెల దాటినాక కూడా వారం ఆపింది, ఇంక ఆళ్ళ మరిది వినలేదు. ఇంకొక సంగతి. మీ ఇంటామె ఫోటో చూసింది కదా, సన్నంగా ఉండాది, పెద్ద బిందెలు మొయ్యలేదని నా చేత చిన్న జత ఒకటి చేయించింది. నా కాడే ఉండాయి. ఏం చెయ్యమంటావు?"

నేను తువ్వాలు తీసుకుని సబ్బు తుడుచుకున్నాను. పద్మ నా పక్కకు వచ్చి నిలబడింది.

"అక్కడ నీళ్ళు పైన ఎట్లా ఉన్నాయి?" అని నన్ను అడిగింది.

"తియ్యగా ఉన్నాయి."

"ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది," అన్నాను.

ఆమె ఫోను దగ్గరకు తీసుకుని, "అన్నా, ఆ బిందెలు ఎవరికీ ఇవ్వొద్దు. నేనొచ్చి తీసుకుంటాను," అంది.

"చేను పోయింది కదమ్మా," అన్నాడు మస్తాన్.

"చేను కోసం కాదన్నా. ఆమె నా కోసం చూసింది కదా. ఆమె నీళ్ళు ఉండగానే వెళ్ళి ఒక తడి పొయ్యాలి."

నేనూ వస్తానన్నాను. పద్మ వినిపించుకున్నట్టు లేదు. బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్లో నెల్లూరు బండి వెతికింది. శనివారానికి ఒక్క టికెట్టే తీసుకుంది.